పలక చట్రం మీద ఎనిమిది గీతలు

మా మనవరాలి కుక్కపిల్లకి గజ్జి పట్టిందని డాక్టరు రాసిచ్చిన సబ్బు బిళ్ళ నిన్న స్నానాలగదిలో విప్పగానే గంధకం వాసన గుప్పున కొట్టింది. డెబ్బై దాటిన నా చెయ్యి తనంతట తానే చీర కుచ్చిళ్ళ కిందికి పోయి ఎడమ పిక్క తడుముకుంది. అక్కడ రెండు తెల్ల చుక్కలున్నాయి. వాటి సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అరవైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చదువు కోసమని నన్ను సూళ్లూరుపేటలో మా మేనత్త మార్తమ్మ దగ్గర వదిలారు. అత్త క్రైస్తవ మిషను బడిలో టీచరు. భర్త పోయాడు, పిల్లల్లేరు, పెరటి నిండా కుక్కలు మాత్రం ఉన్నాయి. రైలు కింద కాలు పోయినవి, ఎవరో వేడి గంజి పోస్తే వీపు చర్మం ఊడినవి, గజ్జితో బొచ్చంతా రాలి ఎర్రటి తోలు తేలినవి, తెల్లారేసరికి గేటు ముందు గంపలో వదిలేసి పోయిన కళ్ళు తెరవని కుక్కపిల్లలు, అన్నీ ఆమెకే చేరేవి. ఊళ్ళో ఆమెను కుక్కల టీచరమ్మ అనేవాళ్ళు. పక్కింట్లో గొడుగులు బాగుచేసే మస్తాన్ సాయిబు మొహం మీదే అనేవాడు: "తాను దూర కంత లేదు, మెడకో డోలు. ఇంక చాలించు టీచరమ్మా." అత్త నవ్వేది. మర్నాడు ఇంకో గంప లోపలికి తెచ్చేది.

కోడి కూయకముందే లేచి రాగిపిండి కాచడం, స్టేషను పక్కన మద్రాసుకి ఐసుపెట్టెల్లో చేపలు సర్దేచోట తలకాయలు అడుక్కురావడం, హోటలు గంజి కుండతో మోసుకొచ్చి సిమెంటు తొట్టిలో పోయడం, కుంటివాటిని ఎత్తి పట్టుకుని తాగించడం, బడిగంట కొట్టేలోపల కానుగ నూనెలో గంధకం కలిపి గజ్జి కుక్కలకి పట్టించడం, ఇదీ మా పొద్దు. మాకు మిగిలేది చద్దన్నమే. వానల్లో పులికాట్ మీంచి గాలి లేస్తే కంపకంచె కూలేది, చేతులు గీరుకుపోతున్నా మేమిద్దరం అప్పటికప్పుడు నిలబెట్టేవాళ్ళం. ఎందుకంటే బయటికి పోయిన కుక్క బతికి వస్తుందన్న నమ్మకం లేదు. పంచాయతీవాళ్ళు దండోరా వేయించి విషం కలిపిన అన్నం ముద్దలు విసిరేవాళ్ళు. మెడపట్టీ ఉన్నదాన్ని వదిలేస్తారని అత్త తన పాత చీరల అంచులు చించి అన్నింటికీ మెడలో కట్టింది. ఆమె చీరలన్నీ అంచుల్లేని చీరలే.

అత్తకి ఒక కట్టుబాటు ఉండేది. ఏ కుక్కయినా ఎవరినైనా కరిచిందంటే దాన్ని మునగచెట్టుకి విడిగా కట్టేసి, విడి చిప్పలో పోసి, రోజుకో బొగ్గు గీత గోడ మీద గీసేది. పది గీతలదాకా బతికితే దానికి పిచ్చి లేనట్టు. చస్తే కరిపించుకున్నవాళ్ళకి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ ఏడాది పక్క పల్లెలో ఒక పిల్లవాడు కుక్క కాటుకి నీళ్ళు చూసి అరుస్తూ పోయాడు. పంచాయతీ ప్రెసిడెంటు గారు వచ్చి మా గేటు బయటే నిలబడి, "టీచరమ్మా, ఇంక ఒక్కర్ని కరిచిందని వినపడినా, పెరట్లో ఒక్కదాన్ని కూడా మిగల్చం" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ తరవాత వారమే నన్ను ఎర్రోడు కరిచాడు. ఎర్రోడంటే కొత్తగా వచ్చిన ఎర్ర కుక్క. చెవికి నూనె రాస్తుంటే గుర్రుమని తిరిగి పిక్క పట్టుకున్నాడు. అత్త వంటింట్లో ఉంది. నేను అరవలేదు. రక్తం కడుక్కుని, తమలపాకుల పళ్ళెంలోని సున్నం మెత్తి, పావడా కిందికి లాక్కున్నాను. ఆ సాయంత్రం మేకుతో పలక చట్రం మీద మొదటి గీత గీశాను.

ఆ రోజుల భయం ఇలాంటిదని చెప్పడం నాకు చేతకాదు. లేస్తూనే చెంబుతో నీళ్ళు తెచ్చుకుని వాటిలోకి చూసేదాన్ని, భయం వేస్తుందా లేదా అని. వేసేది. అది రోగం తెచ్చిన భయమో, ఉత్త భయమో తెలిసేది కాదు. ఆ నీళ్ళు గుటక పడేదాకా ప్రాణం గొంతులోనే ఉండేది. రాత్రి ప్రార్థనలో అత్త నా చదువు కోసం ప్రార్థిస్తుంటే, నేను మనసులో "ప్రభువా, ఎర్రోణ్ణి పది రోజులు బతికించు" అనుకునేదాన్ని. ఏడో గీత నాడు వాడు తొట్టి దగ్గరికి రాలేదు. దవడ వేలాడేసి, చొల్లు కారుస్తూ నులకమంచం కింద దూరాడు. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుంది అత్త, కాటు సంగతి ఆమెకి తెలీదు గదా. ఎనిమిదో గీత గీసిన పొద్దున చచ్చిపడి ఉన్నాడు.

అత్త గోనె కప్పుతోంది. పలక తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"ఏంది మే ఇది?"

పావడా ఎత్తి చూపించాను.

"చెప్పకపోతివే అమ్మే!"

"చెప్తే అన్నింటినీ చంపేస్తారు గదత్తా."

అత్త నన్ను కొట్టలేదు. తొట్టి వైపు చూసింది. ఎనిమిది రోజులు ఎర్రోడు ఆ తొట్టిలోనే తాగాడు, వాటితోనే కొట్లాడాడు, వాటి పుళ్ళు నాకాడు. నేను చెప్పి ఉంటే వాడొక్కడే మునగచెట్టు కింద ఉండేవాడు. నాకప్పుడు అర్థమైంది.

ఆమె మస్తాన్ సాయిబుని పిలిచింది. "అన్నా, పాపను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపోతుండా. ఎర్రోడి సంగతి ప్రెసిడెంటు గారికి నేనే చెప్పమన్నానని చెప్పు. గేటు తీసిపెట్టు. పట్టీలు మాత్రం నువ్వే ఇప్పు, కుక్కలకి నీ చెయ్యి తెలుసు."

"నావల్ల కాదమ్మా."

"ఊళ్ళో పిల్లలుండారన్నా" అంది అత్త. నా చెయ్యి పట్టుకుని స్టేషనుకి బయల్దేరింది.

పద్నాలుగు సూదులూ వేయించుకున్నాను. తిరిగొచ్చేసరికి తొట్టి బోర్లించి ఉంది, పెరడంతా నిశ్శబ్దం. దండెం మీద చీర అంచులు ఉతికి ఆరేసి ఉన్నాయి. అత్త వాటిని ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

వారం తిరక్కుండానే గేటు ముందు మళ్ళీ గంప. లోపల రెండు పిల్లలు. అత్త చాలాసేపు నిలబడే చూసింది. తరవాత నా వైపు తిరిగి, "ఈసారి కరిస్తే చెప్తావా అమ్మే?" అంది.

"చెప్తానత్తా."

పెట్టెలోంచి రెండు అంచులు తెమ్మంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెరట్లో ఇప్పుడు లాడ్జి ఉంది. దండోరా లేదు, బొడ్డు చుట్టూ సూదులు లేవు, కానుగ నూనె కాచేవాళ్ళూ లేరు. నిన్న కుక్కపిల్లకి సబ్బు రాస్తుంటే మనవరాలు కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"చెయ్యి చూపించు తల్లీ."

"ఏం లేదమ్మమ్మా, తలుపు తగిలింది." నేలకేసి చూస్తూ అడిగింది: "చెప్తే దీన్ని పంపించేస్తారా?"

తడిచేత్తోనే కుచ్చిళ్ళు పైకి లాగి, ఇంట్లో ఎవరికీ చూపించని ఆ రెండు తెల్ల చుక్కలూ ఆ పిల్లకి చూపించాను.