మూల మడిచిన చీటీ

యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో చీటీలు రాసే ఆయన్ని పిల్లలంతా చీటీ బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ, అదే కుంటి కుర్చీ. గుర్తింపు కార్డు చూసి, పేరూ జబ్బూ రాసి, చీటీని లోపల డాక్టరమ్మ బల్ల మీద పెట్టడం ఆయన పని. ముఖం చూసి జబ్బు చెప్పేస్తానని ఓ గొప్ప కూడా ఉండేది.

పరీక్షలప్పుడు ఆ వరండాలో ఇసుక వేస్తే రాలదు. సగంమందికి కావలసింది మందు కాదు, పరీక్ష ఎగ్గొట్టడానికి సర్టిఫికెట్. అలాంటివాళ్ల చీటీకి కుడి మూల మడిచేవాడు. పరీక్ష జ్వరం అని డాక్టరమ్మకు అదే గుర్తు. ఆవిడ ఆ చీటీలను ముందు వదిలించుకునేది. నాడి కూడా చూడకుండా రెండు మాత్రలు రాసి పంపేసేది.

పోయిన ఏడాది ఒకమ్మాయి వచ్చింది. "తల పగిలిపోతోంది బాబాయ్, మెడ వంగట్లేదు" అంది.

"రేపేం పరీక్షమ్మా?"

"లెక్కలు."

"అదీ సంగతి! లెక్కలంటే ఎవరికైనా మెడ పట్టేస్తుంది" అని నవ్వి, మూల మడిచాడు. ఆ పిల్ల సర్టిఫికెట్ మాటే ఎత్తలేదని మహానుభావుడికి తట్టనే లేదు. మూడో రోజు హాస్టల్ వాళ్లు ఆమెను స్పృహ లేకుండా పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి.

అప్పట్నుంచి ఆయన ఏ చీటీ మూలా మడవలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించదు. "డాక్టర్ల మధ్యే ఉంటారు, ఒక్కసారి చూపించుకోరేం?" అని భార్య సతాయిస్తే గోడవైపు తిరిగి పడుకుంటాడు. సిగ్గుకు మందేముంటుంది?

నిన్న ఆ పిల్లే కిటికీ ముందు నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మళ్లీ పరీక్ష రాయాలి బాబాయ్, డాక్టరమ్మ సంతకం కావాలి" అంది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియడం లేదు.

చీటీ రాసి లోపలికి తీసుకెళ్లబోయాడు. ఆమె ఆపి, నవ్వుతూ దాని కుడి మూల చూపించింది.

"పోయినసారి నా బాధ చూడలేక ఇక్కడ మడిచి, అందరికంటే ముందు పంపించారుగా! ఇవాళ కూడా మడవండి బాబాయ్, బస్సు టైమవుతోంది."

వరండాలో అందరూ విన్నారు.

"వద్దమ్మా" అన్నాడాయన.

ఆమెకు వినిపించలేదు. మడుస్తాడని ఎదురుచూస్తూ అక్కడే నిలబడింది.