పక్కింటి బాతు పిన్ని

గాజుకి ఇవతల నేను, అవతల ఆమె. ఇరవై రెండేళ్ళుగా మా పరిచయం ఇంతే. నేను డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుని. ఆమె ఒక బాతుకి గొంతు.

టీవీలో ఏళ్ళ తరబడి నడుస్తున్న కార్టూన్ ఒకటుంది, కుందేళ్ళ కుటుంబం కథ. ప్రతి భాగంలోనూ ఒక్కసారి పక్కింటి బాతు గోడ మీంచి మెడ సాచి, “ఏమర్రా, ఇంట్లో ఎవరూ లేరా?” అంటుంది. కుందేళ్ళు తమ గొడవలో తాముంటాయి, పలకవు. బాతు వెళ్ళిపోతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అందులో నవ్వడానికి ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఒక్క మాట కోసం ఆమె రెండు బస్సులు మారి, అరగంట ముందే వచ్చి కూర్చునేది. చేతిలో గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు. స్టూడియోలో అందరికీ ఆమె పిన్నే. తల్లి పోయాక మేడమీద ఒంటిగదిలో ఒక్కతే ఉండేది. వేరే ఊళ్ళో ఒక తమ్ముడు, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. చేయని ఆదివారాలే ఎక్కువని నా లెక్క.

మా పనిలో ఎవరి గొంతు వాళ్ళే విడివిడిగా రికార్డు చేస్తాం. కుందేళ్ళకి గొంతిచ్చేవాళ్ళని పిన్ని ఒక్కసారి కూడా చూడలేదు. హెడ్‌ఫోన్లో వినడమే. అయినా వాళ్ళ సంగతులన్నీ ఆమెకి కావాలి.

“పెద్ద కుందేలుకి జలుబు చేసిందేం నాయనా? గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగమని చెప్పు.”

“అలాగే పిన్నీ” అనేవాణ్ణి. ఒక్కసారి కూడా చెప్పలేదు. అడ్డమైన పనీ నా నెత్తినే ఉన్నప్పుడు కుందేళ్ళ జలుబులు కూడా నేనే చూడాలా?

పోయినేడాది ఆ కార్టూన్లోంచి ఒక సినిమా పుట్టింది. అపరాధ పరిశోధన కథ. పరిశోధించేది ఎవరో కాదు, బాతే! ఒక పొద్దున గోడ మీంచి మెడ సాచి పిలిస్తే కుందేళ్ళ ఇల్లు నిజంగానే ఖాళీగా ఉంటుంది. ఎవరు ఎత్తుకుపోయారు? గంటన్నర సినిమా అంతా బాతు వెతుకుతుంది.

పిన్నికి కబురు వెళ్ళింది. ఏడు రోజుల పని.

మా దగ్గర ఒక పద్ధతుంది. పెద్ద సినిమా అయితే పేరున్న నటి చేత ముఖ్యమైన పాత్రకి గొంతిప్పిస్తారు. ఆవిడకి దారి చూపడానికి ముందుగా మామూలు ఆర్టిస్టు చేత సినిమా అంతా చెప్పిస్తారు. దాన్ని పైలట్ అంటాం. తరవాత దాన్ని తీసేస్తాం. పిన్నిది పైలట్ అని నా కాగితం మీద రాసే ఉంది. కానీ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషికి పైలట్ అంటే ఏమిటో తెలుసా తెలియదా అని ఎవరమూ ఆలోచించలేదు. డైరెక్టరుగారు చెప్పారనుకున్నాను నేను. మేనేజరు చెప్పాడనుకున్నారు డైరెక్టరుగారు. ఇన్నేళ్ళ పరిచయం కదా, నేనే చెప్పి ఉంటానని మేనేజరు. పదిమంది చేరితే పాము చావదని ఊరికే అనలేదు.

ఆ ఏడు రోజులూ పిన్ని చేసిన పని నేను మరిచిపోలేను. పరిగెత్తింది, రొప్పింది, అరిచింది, గుసగుసలాడింది. ఆ బక్క ప్రాణిలో అంత గొంతు ఎక్కడ దాచుకుందో!

ఆఖరి రోజు రహస్యం తేలే సన్నివేశం. కుందేళ్ళని ఎవరూ ఎత్తుకుపోలేదు. వేరే ఇంటికి మారాయి, అంతే. “మీకు మావాళ్ళు చెప్పలేదూ? నేను తమ్ముడు చెప్పాడనుకున్నా” అంటుంది పెద్ద కుందేలు. తమ్ముడు చెల్లి చెప్పిందనుకున్నాడు. చెల్లి అమ్మ చెప్పిందనుకుంది. బాతుకి అక్కడ మాటల్లేవు. తెరమీద రెక్కలు మెల్లిగా వాలతాయి. పిన్ని ఒక ఊపిరి పీల్చుకుని, కాసేపు బిగబట్టి, వదిలింది. నేను మీటల మీద చేతులు వేసి అలాగే ఉండిపోయాను.

“బాగా వచ్చిందా నాయనా?”

“బ్రహ్మాండం పిన్నీ.”

“మా తమ్ముడికి చెప్పేశాను. నా గొంతుతో సినిమా అంతా వస్తోందని. పిల్లల్ని తీసుకుని వస్తానన్నాడు. ఆరేళ్ళయింది వాళ్ళు మా ఇంటికొచ్చి. ఇంకో మంచం కొనాలి.”

అప్పుడర్థమైంది నాకు. ఆమెతో మాట్లాడాలంటే నేను ఒక బటన్ నొక్కాలి. వేలు దాని మీదే ఉంది. నొక్కలేదు. పిరికివాణ్ణి, ఇంకేం చెప్పను? ఆమె ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

నటి వచ్చి మూడు రోజుల్లో పని ముగించింది. బాగానే చేసింది, కాదనను. కానీ రొప్పులు, దగ్గులు, నిట్టూర్పులు దగ్గరికి వచ్చేసరికి “అవి ఆవిడవే ఉంచెయ్యండి, నాకు గొంతు నొప్పి” అంది. ఉంచేశాం.

పిన్ని బస్టాపులో పోస్టరు చూసింది. నటి పేరు బాతు కంటే పెద్దగా ఉంది. మర్నాడు స్టూడియోకి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను.

“నాకు ఒక్కళ్ళూ చెప్పలేదేం నాయనా?”

“డైరెక్టరుగారు చెప్పారనుకున్నా పిన్నీ.”

ఆమె నా మొహంలోకి చూసి, చిన్నగా నవ్వింది. “అచ్చం కుందేళ్ళలాగే చెప్తున్నావే” అంది.

ఆ మాటకంటే చెంపదెబ్బ నయం. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందులో నా పిడికిలే పెద్దది. ఎందుకంటే ఆఖరి రోజున నాకు తెలుసు.

“మీ తమ్ముడుగారు?”

“రావద్దని చెప్పేశాను. ‘సరేలే అక్కా, పిల్లలకి పరీక్షలు కూడా ఉన్నాయి’ అన్నాడు. వెంటనే అనేశాడు.” ఫ్లాస్కు మూత తిప్పుతూ అంది, “మంచం వచ్చేసింది. గదిలో నడవడానికి చోటు లేదు.”

నిట్టూర్పులు ఆమెవే ఉన్నాయని చెప్పాను. మొదటి రోజు ఉదయం ఆటకి తీసుకెళ్ళాను. హాలంతా పిల్లలు, ఒకటే గోల. రహస్యం తేలే చోట మాత్రం గోల ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి హాలంతా వినపడింది. నా పక్కనున్న పిన్ని కూడా సరిగ్గా అప్పుడే ఊపిరి బిగబట్టి వదిలింది. ఆమె వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. చివర్లో పేర్లు పైకి పోతుంటే లైట్లు వెలిగేదాకా చదివింది. ఆమె పేరు లేదు.

తరవాతి వారం కార్టూన్ మామూలే. పిన్ని అరగంట ముందే వచ్చింది. లోపలికెళ్ళి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బాతు గోడ మీంచి మెడ సాచింది.

“ఏమర్రా, ఇంట్లో ఎవరూ లేరా?”

“ఉన్నాం పిన్నీ” అన్నాను బటన్ నొక్కి.

ఆమె ఉలిక్కిపడింది. “బుద్ధుందా నీకు? బంగారంలాంటి టేకు పాడుచేశావు!” అని కేకలేసింది. మళ్ళీ మొదటికి వెళ్ళాం.

ఈసారి నేను వేలు వెనక్కి తీసుకున్నాను. ఆమె మాట పూర్తిచేసి, గాజులోంచి నావైపు చూస్తూ ఆగింది. తెరమీద బాతు వెళ్ళిపోయాక కూడా ఆమె ఊపిరి బిగబట్టే ఉంది. మెల్లిగా వదిలింది. మామూలుగా అయితే ఆ ఊపిరి కత్తిరిస్తాను. ఉంచేశాను.