ఆ రెండో బస్సును అన్న తీయలేదు

అన్న పోయాడని మొన్న ఉదయం ఆయన కొడుకు ఫోన్ చేశాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుండగా వాడే అడిగాడు. "కాకా, ఒక మాట చెప్పు. బాపు మస్కట్‌ల నిజంగనే బస్సు తీసేసి తప్పు చేసిండా? చావు కాడ గూడ గదే ముచ్చట వెట్టిన్రు." నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట అన్నవాళ్ల మీద కాదు. అది అబద్ధమని తెలిసి ఇన్నేళ్లు నోరు మూసుకున్న నా మీద. ఇది వాడికి నా జవాబు. మీరూ చదవండి.

అన్న నాకు రక్తసంబంధం కాదు. జగిత్యాల వైపు నుంచి ఎనభైల చివర్లో ఒమాన్‌కు, మా ఊళ్ల మాటలో మస్కట్‌కు, కూలీగా వచ్చాడు. టైమ్‌కీపరయ్యాడు. ఎవరూ నేర్పకుండా కంప్యూటర్ నేర్చుకుని, తొంభైల చివరికి సోహార్‌లో మా కంపెనీ కంప్యూటర్ రూమ్‌కు పెద్ద అయ్యాడు. నేను సైట్‌లో సిమెంటు మోసేవాణ్ని. సంచీ మీద ఇంగ్లీషు పైకి చదువుతుంటే విని, మేనేజర్‌తో కొట్లాడి నన్ను తన రూమ్‌కు తెచ్చుకున్నాడు. నేను ఈ రోజు తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

ఏ సైట్‌కు ఏ బస్సు ఎన్ని ట్రిప్పులు వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం ఆయన రాసిందే. దాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో పేరుతో సహా భద్రపరిచే సాఫ్ట్‌వేర్ కూడా ఆయనే తెచ్చి పెట్టాడు. మార్పు పంపిన ప్రతిసారీ ఏం మార్చావో రాయమని అది అడిగేది. నేను "చిన్న మార్పు" అని రాసి లేచిపోతే వెనక్కి పిలిచేవాడు.

"చిన్నదో పెద్దదో చదివెటోడు చెప్తడు. నువ్వు చేసింది నువ్వు రాయి," అనేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక గుణం ఉంది. ఒకసారి లాగిన్ అయితే పాస్‌వర్డ్‌ను ఆ మిషన్‌లోనే ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. లాగౌట్ అయ్యేదాకా మళ్లీ అడగదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పని దాచిన పేరు మీదే జరిగిపోతుంది. అందుకే డ్యూటీ దిగే ముందు అన్న, గ్యాస్ కట్టేశామో లేదో చూసుకునే ఇల్లాలిలా, ఒక్కో మిషన్ దగ్గరికీ వెళ్లి లాగౌట్ కొట్టేవాడు. బయట కంపెనీ బస్సు హారన్ మోగుతున్నా కదిలేవాడు కాదు. ఆయన అలా తిరగడాన్ని నేను రూమ్‌లో చేసి చూపించి అందర్నీ నవ్వించేవాణ్ని.

సోహార్ దగ్గరి ఊరు సహంలో, మా బస్సుల యార్డులో, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి టేబుల్ మీద ఒక మిషన్ ఉండేది. ఫోన్ లైన్ మీద మాకు కలిసేది, కలిసినప్పుడు. పనిచేయడం లేదని అతను రోజూ నాకు ఫోన్ చేసి తిట్టేవాడు. అతనికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇచ్చి అన్నీ మొదటి నుంచి అమర్చమని అన్న చెప్పాడు. అది ఒక పూట పని. నాకు బద్ధకం. ఒక మధ్యాహ్నం అన్న అన్నానికి లేచినప్పుడు, ఆయన ఫోల్డర్ మొత్తాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, సహం తీసుకెళ్లి ఆ మిషన్‌లో పెట్టేశాను. చక్కగా పనిచేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఫోల్డర్‌తో పాటు అన్న పాస్‌వర్డ్ దాచిన ఫైల్ కూడా వెళ్లింది. సాయంత్రం ఆయన ఎప్పటిలాగే లాగౌట్ అయ్యాడు. ఆయన మిషన్‌లోది పోయింది. సహంలో ఉన్న కాపీ ఎందుకు పోతుంది?

జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం ఆ ఇన్‌చార్జి, డీజిల్ మిగులుతుందని, ఒక సైట్‌కు వెళ్లే రెండో బస్సును ప్రోగ్రాంలోంచి తీసేశాడు. మార్పు పక్కన పడింది అన్న పేరు. శుక్రవారం సెలవు. శనివారం డ్యూటీ దిగాక మొదటి బస్సు నిండి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు రాని బస్సు కోసం ఎండలో నిలబడ్డారు. నీడకు ఒక రేకు కూడా లేదు. మా జిల్లావాడే ఒకతను పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ మళ్లీ పనికి లేవలేదు.

ఆ సాయంత్రమే అన్న నన్ను పక్కకు పిలిచాడు. "సహంల ఏం పెట్టినవ్‌రా?" అని అడిగితే చెప్పేశాను. తిట్టలేదు. "రేప్పొద్దుగాల మేనేజర్ కాడ నువ్వే చెప్పు," అన్నాడు.

పొద్దున మేనేజర్ అచ్చు తీసిన కాగితం అన్న ముందు పడేశాడు. ఇన్‌చార్జి పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"కంప్యూటర్ మే తుమ్హారా నామ్ హై," అన్నాడు మేనేజర్.

"నామ్ మేరా హై సాబ్. కామ్ మేరా నహీ," అన్నాడు అన్న, పేరు నాదే గానీ పని నాది కాదని.

తర్వాత నా వంతు. ఆ మార్పు వెళ్లిన వేళకు అన్న నా ఎదురుగా మెస్సులో పప్పన్నం తింటున్నాడు. ఆ ఒక్క మాటైనా అనొచ్చు. వీసా పోతుందని భయం. అదీ అనలేదు. పేరు చూసి మనిషిని చూడని ఆ మేనేజర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ చాయ్ గొంతు దిగినందుకు ఇన్‌చార్జి మీద కోపం. అన్న మీదా కోపమే. నన్ను వేలెత్తి చూపించాల్సింది, చూపించలేదు. చూపించకపోతే నేనే మాట్లాడతాననుకున్నాడు.

వారంలో ఆయన వీసా రద్దు చేశారు. ఇంత జరిగినా ఆ రెండో బస్సును మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేదు. తప్పేమో అన్నదట, మిగిలిన డీజిలేమో కంపెనీదట!

మస్కట్ విమానాశ్రయానికి పోయే దారిలోనే సహం. సాగనంపడానికి నేనూ కారెక్కాను. యార్డు దగ్గర ఆపమన్నాడు అన్న. మమ్మల్ని చూసి ఇన్‌చార్జి ఏదో ఫైలు పట్టుకుని బయటికి పోయాడు. అన్న నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వు పెట్టినవ్. నువ్వే తియ్యి."

లాగౌట్ కొట్టాను. పాస్‌వర్డ్ దాచే ఫైల్ తెరిచి చూపించమన్నాడు. ఖాళీగా ఉంది.

"ఇగ నీ పేరుతోని లాగిన్ అయ్యి బస్సు పెట్టు."

పెట్టాను. ఏం మార్చావో రాయమని అడిగింది. రెండో బస్సు తిరిగి పెట్టానని రాశాను. అన్న వెనక నిలబడి చదివాడు.

"ఎవరు తీసిన్రో గూడ రాయి."

ఆ మాట రాయకుండానే పంపేశాను. బయట డ్రైవర్ హారన్ కొట్టాడు.

"సరే. బస్సయితే వస్తది," అన్నాడు. నన్ను ఇంక ముందుకు రావద్దని చెప్పి వెళ్లి కారెక్కాడు. నేను లాగౌట్ కొట్టి, ఆ పూటంతా అక్కడే కూర్చుని ఇన్‌చార్జికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ అమర్చాను.

ఇన్‌చార్జి మళ్లీ ఆ బస్సు జోలికి పోలేదు. తీయాలంటే ఇప్పుడు సొంత పేరుతో తీయాలి మరి.

మర్నాడు డ్యూటీ దిగే వేళకు ఆ సైట్‌కు వెళ్లాను. మొదటి బస్సు వెళ్లిపోయింది. దుమ్ము లేపుకుంటూ రెండోది వచ్చి ఆగింది. టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. మెట్టు మీద కాలు పెట్టిన ఒక ముసలి మేస్త్రి నన్ను చూసి ఆగాడు.

"బస్సు మల్ల వచ్చింది. మంచిగైంది బిడ్డా. ఎవరు పెట్టిచ్చిన్రు?"

"కంపెనీ," అన్నాను.