పిలుపు కోసం కూర్చున్న రోజులు

నిన్న సాయంత్రం వెల్లింగ్టన్ గాలి ఇంటి పైకప్పు ఊడదీస్తుందా అన్నట్టు వీస్తుంటే, ఇక్కడి ప్రభుత్వ శాఖలో పనిచేసే మా అమ్మాయి తడిసిన కోటు విప్పుతూ, ఏదో కాగితం సంగతి తేలక మంత్రిగారి గదిలోకే వెళ్ళి అడిగేశానని మామూలుగా చెప్పింది. పిలిచారా అని అడిగాను. “పిలవడమేంటి నాన్నా, పని మనదైనప్పుడు జస్ట్ వెళ్ళి అడిగేయడమే” అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మన కాలం వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. కుర్రతనంలో నేనొక గవర్నరుగారి దగ్గర పి.ఏ.గా చేరాను. గేటు దగ్గర అర్జీలు పట్టుకుని నిలబడ్డవారిని ఆయన లోపలికి పిలిపించి, కాగితం రెండు చేతులా అందుకునేవారు. అలా ఒకనాడు వచ్చిన తల్లి, జైల్లో రోగంతో చావుకు దగ్గరైన తన కొడుకును వదిలిపెడితే ఇంట్లో, తన ఒళ్ళో కన్నుమూస్తాడని ఏడిస్తే, చూసుకుంటానమ్మా అని మాటిచ్చారు. ఆ వారమే రాష్ట్రపతిగారి ముఖ్య సలహాదారుగా ఆయనకు ఢిల్లీ పిలుపు వచ్చింది, వెంట నేనూ వెళ్ళాను.

పదవి పెద్దదే గాని, సంతకాలు పెట్టిన చెయ్యి అక్కడ ఇంకొకరి సంతకానికి కాగితాలు సర్దే చెయ్యి అయింది, ఆయనలో మునుపటి చొరవ తగ్గింది. ఆ తల్లి రెండో అర్జీ ఢిల్లీకే పంపింది. ఫైలు కట్టి లోపలికి పంపితే, అంచున ‘నాతో మాట్లాడండి’ అని రాసి తిప్పి పంపారు. అలా రాస్తే గంట కొట్టి పిలిచేదాకా ఆగడం మా కొలువులో ఆచారం. ఆగాను. వేరే పనులకు పిలిచినప్పుడు ఈ ఊసెత్తడం మర్యాద కాదనుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే.

మూడు వారాలకు ఆ తల్లి నుంచి ఒక కార్డు వచ్చింది. కొడుకు జైల్లోనే పోయాడట, అయ్యగారికి శ్రమ ఇచ్చినందుకు మన్నించమని ఎవరిచేతనో రాయించింది. అది పట్టుకుని మొదటిసారి పిలవకుండా లోపలికి వెళ్ళాను. ఆయన చదివి, కార్డు బల్లమీద బోర్లా పెట్టారు.

“నువ్వే వస్తావని చూస్తున్నానయ్యా” అన్నారు.

ఆయన పదవిలో ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడాయన లేరు, ఆ తల్లీ ఉండి ఉండదు. రోజులు మారాయి, మా అమ్మాయి రోజులు మంచివి, సంతోషమే. కాని తలచుకుంటే, ఆనాడు ఢిల్లీలోనూ ఆయన గది తలుపుకు గడియ వేసి లేదు.