ఇంకా పుట్టని ఫోను

ఎక్స్‌రే బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: ఇంకా పుట్టని ఫోను. బజారులో దొరికే ఫోన్లంటే ఆయనకు పూచికపుల్లతో సమానం. నిన్న వచ్చింది పాతది, ఇవాళ వచ్చింది చేతకానిది, అసలు సిసలైనది వచ్చే ఏడాది వస్తుంది. తీరా ఆ వచ్చే ఏడాది వచ్చాక, దాని కెమెరాలోనూ ఆయనకు నాలుగు లోపాలు కనిపించేవి. దాంతో ఆశ ఇంకో ఏడాది ముందుకు జరిగేది.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. ఆ పుట్టబోయే ఫోనుకి ఉయ్యాల కూడా కట్టేయండి,” అనేది పిన్ని.

“కెమెరా బాగుంటే కడతాను,” అనేవాడు బాబాయి, నవ్వకుండా.

ఆయన ముప్ఫై రెండేళ్ళుగా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఉద్యోగం ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగితే బాగుండేది, కానీ అది ఆయన వెంట ఇంటికి కూడా వచ్చేది. ఇంట్లో ఎవరికి ఫోటో తీసినా సరే, “గాలి గట్టిగా పీల్చండి... బిగబట్టండి... కదలకండి... ఆఁ, ఇక వదిలేయండి,” అనేవాడు. అందుకే ఆ కుటుంబంలో ఏ ఫోటో చూసినా అందరూ బుగ్గలు పూరించుకుని, నీళ్ళలోకి దూకబోయే వాళ్ళలా ఉంటారు. ఒకసారి బాబాయి అన్నకూతురి స్నేహితురాలు ఆ ఫోటోలు చూసి, ఆమెను పక్కకు పిలిచి, “ఏమనుకోకు, మీ ఇంట్లో అందరికీ ఉబ్బసమా?” అని అడిగింది.

ఆ అన్నకూతురికి బాబాయి చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు పొట్టి. ఇరవై ఏడేళ్ళు వచ్చినా పేరు మారలేదు, ఎత్తు కూడా పెద్దగా మారలేదు. ఆమె పనిచేసేది ఫోన్ల షాపులో. నల్ల కోటు వేసుకుని, మెళ్ళో కార్డు తగిలించుకుని, గంభీరంగా ఎవరికో ఫోను చూపిస్తూ ఉంటుందా, సరిగ్గా శనివారం నాలుగు గంటలకు అద్దాల తలుపు తెరుచుకుని, “పొట్టీ! కొత్తదేమైనా వచ్చిందా?” అని వినిపించేది. గంభీరం కాస్తా గంగలో కలిసేది.

వచ్చినవాడు ఊరికే చూసి పోతాడా? పరీక్షలు పెట్టేవాడు.

“ఏదీ, నువ్వు అక్కడ నిలబడి వణుకు.”

“ఎందుకు బాబాయ్?”

“వణకమన్నాను కదా, వణుకు. చలి వేసినట్టు కాదు, మెల్లగా. చెయ్యి ఒక్కటే.”

కస్టమర్ల ముందు పొట్టి చెయ్యి వణికించేది. ఆయన ఫోటో తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు.

“చూశావా? చెయ్యి చేపతోకలా వచ్చింది. ఫోను కదిలితే సర్దుకుంటుందట, మనిషి కదిలితే సర్దుకోదట. ఇదెక్కడి న్యాయం?”

తర్వాత వీడియో. టీవీలు మోగుతున్న మూలకు వెళ్ళి, పొట్టి చేత గొంతు తగ్గించి ఏదో ఒకటి మాట్లాడించేవాడు. వినిపించేది కాదు. “పెద్దగొంతు వాళ్ళకేనా మైకు? చిన్నగొంతు వాళ్ళు మనుషులు కారా?” అని నిలదీసేవాడు. ఈ ముక్క పిన్ని చెవిన పడి, “నా గొంతు గురించేగా ఈ ఎత్తిపొడుపు!” అని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అదే వేరే ఇల్లయితే ఆ నిశ్శబ్దానికి వీడియో తీసుకునేవాళ్ళు.

చివరగా ముఖం. తన ముఖం తనే తీసుకుని, “ఏంటిది? నా మొహానికి ఎవరు సున్నం వేశారు? ఇక్కడ మచ్చ ఉండాలి, ఎక్కడికి పోయింది?” అని రుసరుసలాడేవాడు.

“అందంగా కనిపించడానికి అదే సర్దుతుంది బాబాయ్.”

“దాన్ని ఎవరు సర్దమన్నారు? మేస్త్రీ పని దానికెందుకు? ఉన్నది ఉన్నట్టు చూపించమను. వచ్చే దాంట్లోనైనా బుద్ధిగా ఉంటుందేమో అడుగు.”

ఇలా అనేసి ఫోను బల్ల మీద పెట్టి, జేబులోంచి తన పాత ఫోను తీసి టైం చూసుకుని వెళ్ళిపోయేవాడు. దాని అద్దం మీద సాలెగూడు లాంటి పగుళ్ళు. దానితో తీస్తే ఎవరైనా స్నానాల గది ఆవిరిలోంచి బయటికొస్తున్నట్టే ఉండేవారు.

ఆయన వెళ్ళిపోయాక అసలు కథ మొదలయ్యేది. అంతవరకూ కొందామని వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, “ఆ పెద్దాయన చెప్పిందీ నిజమే. వచ్చే ఏడాది చూద్దాంలే,” అని జారుకునేవారు.

ఒకరోజు షాపు ఓనరు పొట్టిని తన గదిలోకి పిలిచాడు. “అమ్మాయ్, మనం నలుగురం వారమంతా చెప్పిందంతా మీ బాబాయిగారు పది నిమిషాల్లో ఊడ్చేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కానీ వచ్చే శనివారం కంపెనీ నుంచి పెద్ద ఆఫీసరావిడ వస్తోంది. రాబోయే పెద్ద ఫోనులో కెమెరా ఎలా ఉండాలి, వీడియో ఎలా ఉండాలి అని కస్టమర్లను కూర్చోబెట్టి అడుగుతుందట. ఆ రోజు మాత్రం మీ బాబాయిగారు ఈ చుట్టుపక్కల కనపడకూడదు.”

“ఆయన్ని ఎలా ఆపను సార్?”

“అది నీ తెలివి. కొత్త బ్రాంచి నీకే ఇద్దామనుకుంటున్నాను. అక్కడ జనాన్ని చూసుకోవాల్సినదానివి, ఇంట్లో ఒక్క మనిషిని చూసుకోలేవా?”

పొట్టికి రెండు రోజులు ముద్ద దిగలేదు. కొత్త బ్రాంచి కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది. శనివారం రావద్దని బాబాయికి చెప్పక తప్పదు. ఫోనులో అయితే ఆయన ‘హలో’ అనగానే తను మెత్తబడిపోతుంది. అందుకని గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి, దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ ఆస్పత్రికి వెళ్ళింది.

ఎక్స్‌రే గది వరండా చివర ఉంది. బయట పొడుగాటి బల్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. పొట్టి బల్ల చివర కూర్చుంది. లోపల బాబాయి ఒక ముసలాయనకు చొక్కా గుండీలు పెడుతున్నాడు. ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరట. రెండు చేతులూ మోచేతుల దాకా ఆగకుండా వణుకుతున్నాయి.

“మీ మనవరాలు ఫోటో పంపమందన్నారుగా. ఇలా ఇవ్వండి మీ ఫోను,” అన్నాడు బాబాయి.

“వద్దులే బాబూ. నాకు ఎవరు తీసినా పాడవుతుంది.”

“నేను ముప్ఫై రెండేళ్ళుగా తీస్తున్నాను. గాలి పీల్చండి.”

ఒకటి తీశాడు, రెండు తీశాడు, ఏడు తీశాడు. ఏడూ చెరిపేశాడు. ముసలాయన తలొంచుకుని, “చెప్పానుగా. నా ఒళ్ళే అంత. ఇంట్లో అందరూ నిలబడితే నేనే పక్కకు తప్పుకుంటాను. నావల్ల వాళ్ళ ఫోటో ఎందుకు పాడవ్వాలి?” అన్నాడు.

బాబాయికి కోపం వచ్చింది. అంత కోపం ఆయనలో ఉందని పొట్టికి తెలియదు.

“మీ వల్లా? మీ వల్ల పాడవడమేంటి? ఇది దద్దమ్మ ఫోను! ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చేతుల్ని పట్టుకునే కెమెరా ఇంకా పుట్టలేదు, అదీ సంగతి. నేను కంపెనీ వాళ్ళతో గట్టిగా మాట్లాడుతున్నాను. వచ్చే దాంట్లో వస్తుంది. అందాకా మీరు పక్కకు తప్పుకున్నారంటే నేనొప్పుకోను. మధ్యలో నిలబడండి. మసగ్గా ఉన్నవాడే మా తాత అని గొప్పగా చెప్పుకుంటుంది మీ మనవరాలు.”

ముసలాయన ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు మీద బాబాయి టక్కున నొక్కాడు. చేతులు రెండూ రెక్కల్లా వచ్చాయి కానీ, ముఖం మాత్రం నిక్షేపంలా పడింది.

బల్ల మీద పొట్టి పక్కనున్న ఆవిడ మెడకు రుమాలు చుట్టుకుని ఉంది. ఆమె గొంతుకు ఆపరేషను అయిందని వెంట వచ్చిన కోడలు చెప్పింది. “నెలకోసారి వస్తాం. అత్తయ్య గొంతు వీడియోలో వినపడక, ఎవరికీ పంపొద్దంటుంది. ఈయనేమో ప్రతిసారీ, మీ గొంతు బాగానే ఉందమ్మా, ఆ మైకుకే చెవుడు అంటారు. ఆ రోజంతా అత్తయ్య ఇంట్లో మాట్లాడుతూనే ఉంటుంది.”

రుమాలు కట్టుకున్నావిడ పొట్టి వైపు వంగి, గుసగుసలాంటి గొంతుతో, “మంచివాడు. కాకపోతే అందరి చేతా ఊపిరి బిగబట్టిస్తాడు,” అంది.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు పొట్టికి ఒక్కటీ గుర్తు లేవు. ఆఖరి రోగి వెళ్ళాక బాబాయి బయటికొచ్చి ఆమెను చూసి కంగారుపడ్డాడు.

“ఏంటి పొట్టీ ఇలా వచ్చావు? దగ్గా? ఛాతీనా?”

“ఏం లేదు బాబాయ్. శనివారం కంపెనీ నుంచి పెద్దావిడ వస్తోంది. కెమెరా గురించి అడుగుతుంది. నువ్వు తప్పకుండా రావాలి.”

ఎగిరి గంతేస్తాడనుకుంది. ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

“నిజం కంపెనీయా?”

“మరి నువ్వు ఇన్నాళ్ళూ మాట్లాడుతున్నానన్న కంపెనీ ఏది?”

“నువ్వే,” అన్నాడు బాబాయి చిన్నబోయి. “నాకు తెలిసిన కంపెనీ నువ్వొక్కదానివేగా.”

శనివారం షాపులో పదిహేను కుర్చీలు వేశారు. కంపెనీ ఆవిడ సన్నగా, చురుగ్గా, చేతిలో పలక లాంటి ఫోనుతో వచ్చింది. అందరూ కోరికలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయనకు చందమామ మీద గుంటలు లెక్కపెట్టేంత జూమ్ కావాలి. ఇంకొకాయనకు నీళ్ళలో మునిగి వీడియో తీయాలి. ఆయనకు ఈత రాదని పక్కనున్న భార్య చెప్పింది. అంతలో అద్దాల తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా, మడిచిన కాగితం, చెమట పట్టిన నుదురు. బాబాయి.

ఓనరు గబుక్కున పొట్టి దగ్గరకొచ్చాడు. “ఈయనెందుకొచ్చారు?”

“నేనే పిలిచాను సార్,” అంది పొట్టి. ఆ మాటతో కొత్త బ్రాంచి గుమ్మం దాటి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. అయినా ఆమె వెళ్ళి బాబాయి పక్కనే నిలబడింది.

తన వంతు రాగానే బాబాయి కాగితం విప్పాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. శనివారం శనివారం షాపు దద్దరిల్లేలా మాట్లాడే మనిషి, అడిగేవాళ్ళు ఎదురుగా ఉంటే గుడ్లప్పగించి నిలబడిపోయాడు. పొట్టి ఆయన చెవి దగ్గరకు వంగి, “గాలి పీల్చు బాబాయ్... బిగబట్టు... ఆఁ, ఇక వదిలేయ్,” అంది.

వదిలేశాడు. ఇక ఆగలేదు. వణికే చేతులు, వినపడని గొంతులు, సున్నం కొట్టిన ముఖాలు అన్నీ చెప్పాడు. “మా ఆస్పత్రికి ఒకమ్మాయి వస్తుంది. చెంప మీద కాలిన మచ్చ. ఎప్పుడు ఫోటో తీసుకున్నా ఫోను మచ్చ తీసేసి చూపిస్తుందట. ‘దీనికి కూడా నేను నచ్చలేదు అంకుల్’ అంది. ఆ పిల్లకు ఏం చెప్పమంటారు? ఇంకో మాట. ముప్ఫై రెండేళ్ళుగా కదలకండి, కదలకండి అని చెప్పీ చెప్పీ నా నోరరిగిపోయింది. ఫర్వాలేదు, కదలండి అనే మిషను లోకంలో ఒక్కటైనా ఉండాలి కదమ్మా?”

 చందమామ జూమ్ అడిగినాయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

కంపెనీ ఆవిడ తల దించుకుని రాసుకుంటోంది. “ముఖాన్ని ముట్టుకోకుండా ఉంచడం మా చేతిలో పనే, గట్టిగా చెబుతాను. గొంతు సంగతి కొంతవరకు చేయొచ్చు. వణుకు మాత్రం కష్టమండీ. వెలుతురు బాగుంటే కొంత నయం. వచ్చే ఫోనులో వస్తుందని మాటివ్వలేను.”

“మాట వద్దమ్మా. రాసుకున్నారుగా, అది చాలు. కంపెనీ వాళ్ళతో మాట్లాడానని ఇక నిజంగానే చెప్పొచ్చు.”

“ఇంతకీ మీకేం కావాలో చెప్పలేదు?”

“నాకెందుకమ్మా? నేను రాయిలా నిలబడతాను.”

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా, “ఈయన్ని పిలిచిందెవరు?” అని అడిగింది.

ఓనరు చటుక్కున ముందుకొచ్చాడు. “మా అమ్మాయేనండీ. మా కొత్త బ్రాంచి చూసుకోబోయేది కూడా ఈ అమ్మాయే!”

పొట్టి ఆయన వంక నోరు తెరుచుకుని చూసింది. ఆయన పైకప్పు వంక చూశాడు.

సభ ముగిసి జనం పల్చబడ్డాక కంపెనీ ఆవిడ బాబాయి దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, మెళ్ళో కార్డు తిప్పి చూపించింది. ఫోటోలో ఆవిడ రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాయి. “ఇరవై మూడుసార్లు తీశారు. ఇదే బాగా వచ్చిందన్నారు. కెమెరాలు చేసే కంపెనీలో నా మొహం నిద్రపోతోంది. చిన్నప్పట్నుంచీ ఇంతే, నాదే తప్పు.”

“మీ తప్పేంటమ్మా?” అన్నాడు బాబాయి, అప్పుడే జేబులోంచి పెన్ను తీస్తూ. “రెప్ప వేయడం కంటి హక్కు. ఆగాల్సింది ఫోను.” కాగితం అడుగున వేరే వరస మొదలుపెట్టాడు.

ఆవిడ వెళ్ళాక, ఇటూ అటూ చూసి ఓనరు నెమ్మదిగా దగ్గరకు జరిగాడు. బట్టతల మీద చెయ్యి వేసుకుని, “బాబాయిగారూ... లైటు పడితే ఇక్కడ మెరుపొస్తోంది. గ్రూపు ఫోటోలో నేనున్న చోట బల్బు ఉన్నట్టుంటుంది. దీనికేమైనా...” అని నసిగాడు.

బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పక్క కుర్చీ లాగాడు.

“కూర్చోండి. ఎన్నాళ్ళ నుంచి ఉంది?”