మల్లవ్వ కొంగు ముడి

చెప్పాల్నా వద్దా అని ఏండ్ల సంది నాలో నేనే కొట్లాడుకుంట వచ్చిన. ఛాతి మీద బండ పెట్టుకొని తిరిగినట్టే తిరిగిన. నువ్వు నన్ను ఎరుగవు, నేను నిన్ను ఎరుగ. గందుకే నీకు చెప్పబుద్ధి అయితున్నదేమో. నా పేరు మాత్రం అడగకు.

అప్పుడు నాంపల్లి స్టేషన్ వెనుక కిరాయి ఇంట్ల ఉండేది. సర్కారు నౌకరి. పట్నం బయట ఒక ఊరి చెల్కల్ల కార్ఖానా కట్టాలని హుకుం అయింది. ఆ చెల్కల నిండ రాళ్ళు గుండ్రంగ పేర్చి ఉండేటివి. వాటి కింద ఏ కాలపోళ్ళయో సమాధులు. ఊరోళ్ళు రాకాసి గుళ్ళు అంటరు. పునాదులు తియ్యకముందే వాటిని తవ్వి, దొరికినయన్నీ పట్నం తేవాలె. తవ్వేటోళ్ళ మీద కావలి నేను.

కావలి అంటే ఏంది? అనుమానపడుడే. పొద్దుగూకంగ ఆడోళ్ళు కొంగు దులిపి, మొగోళ్ళు రుమాలు ఇప్పి నాకు చూపెట్టి పోవాలె. ఎవరన్న నవ్వితే ఎందుకు నవ్విన్రు అనుకునేది, గమ్మున ఉంటే ఏం దాస్తున్రు అనుకునేది.

ఆ తవ్వేటోళ్ళకు పెద్ద మల్లవ్వ. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. ఒకనాడు మొదటిసారి సచ్చిన మనిషి బొక్కలు బయటపడ్డయి. ఆమె పార పక్కకు పెట్టి, సచ్చినోళ్ళ పేరు మీద ఇంత కల్లు సాక పోసి, ఆ గుంతల మన్ను చిటికెడు తీసి కొంగున ముడేసుకున్నది. ఆ మన్ను పారే నీళ్ళల్ల కలిపేదాక ముడి ఇప్పద్దట. ఇప్పితే సచ్చినోళ్ళు ఎంట వచ్చి ఇంట్ల కూసుంటరట. ఈ సంగతి నాకు తర్వాత ఎరుకైంది. అప్పుడు నా కండ్లకు ముడి ఒక్కటే కనపడ్డది.

బొక్కల పక్కనే గుప్పెడు ఎర్ర పూసలు దొరికినయి. అంతల్నే వాన. తడుస్తయని నేనే కోటు జేబుల ఏసుకొని డేరాలకు ఉరికిన. జేబుల చెయ్యి పెడితే ఏం లేదు! మా మీది అధికారి, పెద్ద సాబు, పూసలేవి అని అడిగిండు. నా జేబుల ఏసుకున్న అని చెప్పొచ్చు గదా? చెప్పలే. నౌకరి పోతదని, గుంత కాడనే పెట్టి వచ్చిన అన్న. ఆ మాట అన్నంక ఇగ ఎవరో ఒకరు దొంగ కావాలె.

"ముడి ఇప్పు మల్లవ్వా."

"ఇప్ప సారూ. మన్నున్నది, గంతే."

"మన్నే అయితే ఇప్పనీకేం నొప్పి?"

"వాగు కాడ ఇప్పుత. నువ్వు గూడ రా. నీ కండ్లతోని చూసుకో."

నేను పోలే. ఎందుకు పోలే? వానొస్తున్నదనా? కాదు. మన్నే ఉంటదని లోపల నాకు అనిపించింది. పోయి చూస్తే ఆమె మీద అనుమానం చచ్చిపోతది, అది చచ్చిపోతే సాబు కండ్లు నా దిక్కు తిరుగుతయి, అని లెక్కలేసుకునే నిలబడ్డనో ఏమో. ఆమె ఉత్త కొంగుతోని తిరిగొచ్చింది. పూసలు వాగు ఒడ్డున దాచి వచ్చిందన్నరు అందరు. ఆమె ఎంట పనిచేసేటోళ్ళు గూడ అన్నరు. తెల్లారి అందరినీ పనిల నుంచి తీసేసిన్రు.

ఆ తెల్లారే మా ఆమె కోటు ఆరేస్తుంటే లోపలి అస్తరు నుంచి పూసలు జలజల రాలినయి. జేబు చినిగి ఉన్నది, నాకు సోయి లేదు. మా ఆమె మొకం ఎలిగిపోయింది. బిడ్డకు అబిడ్స్‌ల కొన్నవా, చెప్పనే లేదేంది అన్నది.

ఔ అన్న.

నల్ల దారానికి గుచ్చి మా బిడ్డ మెడల కట్టింది. అప్పుడు గూడ సాబు బంగళాకు ఉరకొచ్చు. ఉరకలే.

కొన్నాళ్ళకు అబిడ్స్‌ల ఒక బిల్డింగు పునాదుల కాడ ఆ మనుషులే మట్టి మోసుకుంట కనపడ్డరు. మల్లవ్వ లేదు. ఒక ముసలాయనను అడిగిన. ముడి సంగతి చెప్పింది ఆయనే. దొంగ అని పేరు పడ్డదాన్ని ఎంట తిప్పుకుంటే మాకు పనెవరిస్తరు సారూ, ఇడిసిపెట్టినం, ఏడున్నదో ఎరుక లేదు అన్నడు. నేను చేసిందేందో తెలుసా? ఇంటికి నడుసుకుంట, ఏమో, ఆ ముడిల వేరే ఏమన్న ఉండెనేమో అని అనుకున్న. పూసలు నా బిడ్డ మెడల ఉండంగ! ఆ అనుమానాన్ని ఏండ్ల కొద్ది పెంచుకున్న. నిద్ర పట్టనీకి అది కావాలె నాకు. ఎంత సిగ్గులేనోణ్ణి.

ఇయ్యాలటికీ మట్టి తట్ట ఎత్తుకున్న ఏ ఆడమనిషి ఎదురైనా, ఈమెకు నా సంగతి తెలుసా అని మొకం చూస్త.

మాఫ్ చెయ్యమని నిన్ను అడుగుత లేను. అది నీ చేతుల లేదు. ఇంకేమన్న దాచిండా అని నన్ను అనుమానంగ చూస్తే చూడు, మంచిదే. మల్లవ్వ దొంగ కాదు. పూసలు నా ఇంట్ల ఉన్నయి, అది నాకు తెల్లారే తెలుసు. పది మంది ముందర, ఆమె ఇనంగ అనాల్సిన మాట ఇది. ఇన్నేండ్లకు ఒక్క మనిషికన్న చెప్పిన. ఊపిరి జర ఆడుతున్నది.