అంగారకుడి దారిలో నాదస్వరం

అంగారకుడంటే జాతకంలో కూర్చుని పెళ్ళిళ్ళు చెడగొట్టే కుజుడు తప్ప మరొకటి కాని రోజులవి. ఇప్పుడంటే రష్యావాళ్ళు ఆకాశంలోకి ఒక గోళాన్ని విసిరారు గనక, నేను చదువు చెప్పే రాయచోటి బడిలో మూడో తరగతి పిల్లలు కూడా పలకల మీద రాకెట్టు బొమ్మలు గీసి తోకకు నిప్పు పెడుతున్నారు. నేను చెప్పేది అంతకు నాలుగేళ్ళ ముందటి మాట. అప్పట్లో మనిషి ఆకాశానికి పోవాలంటే చచ్చిపోవడం ఒక్కటే మార్గం. ఆ దశలో రేడియోలో ఒక ధారావాహిక మొదలైంది. ప్రతి ఆదివారం దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఒక శాస్త్రవేత్త, ఆయన చెల్లెలు, వాళ్ళ వంటవాడు కలిసి అంగారక గ్రహానికి పోయే కథ. ఎనిమిది వారాలు నడిచింది. ఆ ఎనిమిది వారాలూ నేను ఎంత తెలివైనదాన్నని అనుకున్నానో, అసలు ఎంత తెలివైనదాన్నో, నా డైరీలు ఇప్పుడు చదివితే బాగా తెలుస్తుంది.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన సంవత్సరమది. ఆఫీసులు డేరాల్లో ఉండేవి. అద్దె ఇళ్ళు దొరకని గుమాస్తాలు ఎవరి వసారా ఖాళీగా కనిపిస్తే ఆ వసారాలో చాప పరిచేవాళ్ళు. నేను పంతులమ్మ శిక్షణ కోసం వేంపల్లె నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి మా పిన్నమ్మ ఇంట్లో దిగాను. పెట్టెలో నాలుగు చీరలు, పదకొండు నోటు పుస్తకాలు. (అమ్మ ఆ లెక్క తిరగేయాలని చాలా పోరింది.) అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. డైరీలో రోజుకు నాలుగు పేజీలు మాట్లాడేదాన్ని; నోటితో అయితే వారానికి నాలుగు మాటలు. నేను వచ్చిన నెలకు పక్కింటి అత్త మా పిన్నమ్మను చాటుగా అడిగిందట, "ఏమ్మే, ఆ పాపకు మాటలొస్తాయా? మేమేమో సైగలు చేస్తాండాము" అని.

ఆ అత్త భర్తే సర్వేమామ. మాకు ఆయన ఏ వరసా కాడు. ముప్ఫై ఏళ్ళు గొలుసు పట్టుకుని జిల్లాలో నేల కొలిచి రిటైరయ్యాడు కాబట్టి వీధి వీధంతా ఆయనను సర్వేమామ అనేది. కొలత పరికరంలో బుడగ సరిగ్గా నడుమకు వచ్చేదాకా కాలు కదపకూడదన్నది ఆయన ఉద్యోగ ధర్మం. ఉద్యోగం పోయినా ధర్మం పోలేదు. గోడ మీద పటం వంకరగా ఉంటే అన్నం మధ్యలో లేచిపోయి సరిచేసి వచ్చేవాడు. మా వీధిలో రేడియో ఆయనొక్కడికే ఉండేది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టరాదు. ఆయన కూడా చేతులు కడుక్కునే ముట్టేవాడు. ఆదివారం సాయంత్రం మగవాళ్ళంతా పడసాలలోనూ వసారాలోనూ కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళం లోపలి గదిలో, తెర వెనక. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. మేము వెళ్ళేసరికే అక్కడ తెర ఉంది, వెనక చాప ఉంది. అందుచేత రేడియో ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. నాకది ఒక గొంతు మాత్రమే.

మొదటి ఆదివారం కథకు ముందు సంగీతం వచ్చింది. ఎక్కడో చాలా దూరంలో ఒక సన్నని కూత మొదలైంది. తుంగభద్ర అవతలి ఒడ్డున ఎవరో తడి వేలితో కంచుగిన్నె అంచు రుద్దుతున్నట్టు. అది మెల్లగా పైకి లేచింది, ఇంకా లేచింది, వినేవాళ్ళకు ఊపిరాడనంత ఎత్తుకు పోయింది. అక్కడ గరగరమంది. ఆ గరగరలోంచి ఎవరి పెళ్ళిదో నాదస్వరం నాలుగు క్షణాలు గట్టిమేళం వాయించింది. తర్వాత ఒకాయన తెలియని భాషలో ఎవరినో కోప్పడ్డాడు. ఆ తర్వాత తోక తొక్కిన పిల్లి అరుపు. వెంటనే స్పష్టంగా శాస్త్రవేత్త గొంతు, "అమ్మాయీ, భూమి వైపు ఒక్కసారి చూసుకో!" అంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. "ఎంత గొప్ప ఊహ! రాకెట్టు లేస్తుంటే దారిలో ఒక్కొక్క దేశం శబ్దం చెవిన పడుతుంది. మొదట మన ఊరి పెళ్ళి, తర్వాత పరదేశపు తగాదా, చివరికి నోరులేని జంతువు. మనిషి విడిచిపోయేవన్నీ ఇవే కదా! ఈ సంగీతం కూర్చినవాడు ఋషి."

రెండో వారం కూత అదే. ఆ ఎత్తు దగ్గర మాత్రం నాదస్వరానికి బదులు హరికథ వచ్చింది. మూడో వారం ఒకాయన నిదానంగా, "రాయలసీమ జిల్లాల్లో వాన సూచన లేదు" అన్నాడు. (ఆ రోజు తెర వెనక నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. భూమిని వదిలిపోతున్న మనిషి చెవిన పడే ఆఖరి మాట, వాన లేదు! అంతకంటే విషాదం ఏ కావ్యంలో ఉంది?) వారం వారం కొత్తగా కూరుస్తున్నారంటే ఎంత శ్రమ అని ఆశ్చర్యపోయేదాన్ని. ఒకటే వెలితి. ఆ సన్నని కూత అంత ఎత్తుకు పోయి ఏమవుతుంది? శిక్షణ తరగతికి నడిచి పోతూ దాన్ని లోలోపల పాడుకునేదాన్ని. గరగరమనే చోటిదాకా వచ్చేది. అక్కడ నా అడుగు ఆగిపోయేది. మెట్లెక్కించుకుంటూ పోయి, తలుపు ముందు నిలబెట్టి, తలుపు తీయకుండా పోయినట్టుండేది. కథలో వాళ్ళు గ్రహం చేరతారా లేదా అన్న బెంగ నాకు లేదు. ఆ కూత ఎక్కడికి చేరుతుందో వింటే చాలు, అంతే కావాలి నాకు. అంత చిన్న దానికోసం నిద్ర చెడగొట్టుకున్న మనిషి కర్నూల్లో ఇంకొకరు ఉండి ఉండరు.

వసారాలో వాళ్ళ బెంగలు వేరు. "ఆడ నీళ్ళుండాయంటనా?" అని మా చిన్నాన్న మొదటి వారమే అడిగాడు.

"తెలీదంట. పోతేగాని తెలీదంట," అన్నాడు ఎదురింటి ఆయన.

"నీళ్ళుండాయో లేవో తెలియకుండా అంత దూరం ఎవురన్నా పోతారేమప్పా?"

"ఎందుకు పోరు? చుక్క నీళ్ళు లేని వేంపల్లెకు మీరు పిల్లను చూడ్డానికి పోలేదా?"

తెర వెనక వేంపల్లె తరఫున నేనొక్కదాన్నే ఉన్నాను. చాప మీది ఆడవాళ్ళంతా నావైపు చూసి నవ్వారు. బయట సర్వేమామ మగవాళ్ళను అదిలించి, "నీళ్ళ సంగతి పక్కన పెట్టండప్పా. అంత నేల ఊరికే పడుండాది. హద్దురాళ్ళు యాడ నాటల్ల, ఎవురు కొలవల్ల? ఆ సైంటిస్టు గొలుసు తీసుకపోయినాడా? తీసుకపోల్యా! ఏం చదివినాడో ఏమో," అని బాధపడ్డాడు.

నాలుగో వారం తర్వాత నాకు ధైర్యం వచ్చి, మనుషులు ఎదురుపడని మార్గం ఎంచుకున్నాను. రేడియో వాళ్ళకు ఉత్తరం రాశాను. నాదస్వరం ఎంత సమయోచితంగా ఉందో, వాన మాట ఎంత కదిలించిందో నాలుగు పేజీలు పొగిడి, చివర, "ఆ మొదటి కూత ఎక్కడికి పోయి ముగుస్తుందో దయచేసి ఒక్కసారి వినిపించగలరా?" అని ప్రాధేయపడ్డాను. పేరు రాయడానికి చేయి రాలేదు. "ఒక శ్రోత, కర్నూలు" అని రాసి, పోస్టు డబ్బాలో వేసి, ఎవరో తరుముతున్నట్టు ఇంటికి పరుగెత్తాను.

ఏడో ఆదివారం, కథకు ముందు శ్రోతల ఉత్తరాలకు జవాబులిస్తున్నారు. "కర్నూలు నుంచి పేరు రాయని ఒక శ్రోత మా సంగీతంలోని నాదస్వరాన్ని, హరికథను, వాతావరణ సూచనను మెచ్చుకున్నారు," అన్నాడు రేడియో ఆయన. ఆయన గొంతులో నవ్వు ఆగడం లేదని తెర ఇవతలికి కూడా తెలిసింది. "శ్రోతగారికి కృతజ్ఞతలు. కానీ మా సంగీతంలో అవేవీ లేవు. మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఒకే వాద్యం. బహుశా వారి రేడియోలో ముల్లు పక్కకు జరుగుతూ ఉండవచ్చు."

పడసాల దద్దరిల్లింది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు సర్వేమామ. "ఎవురప్పా ఆ సన్నాసి! రేడియో కొంటే సాలునా, పెట్టడం తెలియల్ల గదా! ముల్లు నిలబెట్టడం చేతగానోళ్ళకు అంగారకుడు కావల్సొచ్చె!" అని తొడ చరుచుకున్నాడు. తెర వెనక నేను చెవుల దాకా కాలిపోతున్నాను. అంతలో సంగీతం మొదలైంది. ఒకే వాద్యమైతే మరి నాదస్వరం ఎక్కడిది? బతుకులో మొదటిసారి తెరను వేలెడంత పక్కకు తీశాను.

కూత లేస్తోంది. సర్వేమామ నవ్వు ఆగిపోయింది. ముఖం ముడుచుకుంది. అది ఎత్తుకు పోయేకొద్దీ ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. ఇక లాభం లేదన్నట్టు లేచి, నాలుక కొస పళ్ళతో పట్టుకుని, బుడగను నడుమకు తెచ్చే చేత్తోనే, మిట్టమధ్యలో మీట తిప్పాడు. గరగర. ఎవరిదో భజన. ఈల. మళ్ళీ వెనక్కి. శాస్త్రవేత్త గొంతు పలికింది. మామ చెమట తుడుచుకుంటూ, "దారికొచ్చె. ఈ కథకు ముందర ప్రతి వారం ఇదే రోగం దీనికి," అన్నాడు.

నా ఋషి అక్కడ బనీనుతో కూర్చుని ఉన్నాడు.

మర్నాడు పెరట్లో చింతపండు పిక్కలు తీస్తున్న అత్త దగ్గర కూర్చుని, నేనూ నాలుగు పిక్కలు తీసి, ఉత్తరం సంగతితో సహా మొత్తం చెప్పేశాను. అత్త అంతా విని, "అమ్మయ్య, మాటలొస్తాయి," అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, "ఆ కూత వింటే సెట్టు చెడిపోతాండాదని ఆయనకు గుండెదడ. నేను చెప్తే వింటాడా? నలభై ఏండ్లుగా విన్ల్యా. నువ్వే చెప్పు," అంది.

"నేనా? అంతమంది మగవాళ్ళ ముందరా?"

"వచ్చే వారంతో అయిపాయె గదా కథ. ఇంక నీ ఇష్టం."

ఆ వారమంతా నేను అన్నం తిన్నట్టు గుర్తు లేదు. పెద్దాయన రేడియోను తప్పు పట్టడం ఒక ఎత్తు. నాలుగు పేజీలు పొగిడిన సన్నాసిని నేనేనని తెలిసిపోవడం ఇంకో ఎత్తు. కానీ ఆ ఆదివారం దాటితే ఆ కూత మళ్ళీ రాదు. చెప్పవలసిన వాక్యం డైరీలో పదిహేను రకాలుగా రాసుకున్నాను. అందులో ఒకదాంట్లో "విజ్ఞాపన" అనే మాట కూడా ఉంది.

ఆఖరి ఆదివారం కూత మొదలైంది. మామ కుర్చీ కిర్రుమంది. నాకు తెలియకుండానే తెర దాటి పడసాల నడుమ నిలబడ్డాను. "మామా, తిప్పొద్దు!" అన్నాను. రాసుకున్న పదిహేనింటిలో అది లేదు.

మామ చేయి మీట మీద ఆగింది. "ఏంది?"

"అది చెడిపోలేదు మామా. అది సంగీతం."

"ఇదా? సంగీతమంటే రాగముండల్ల, తాళముండల్ల. ఇది చెరువుకట్ట పైన గాలి కూసినట్ల ఉండాది గదమ్మా!"

"అట్లనే ఉంటుంది మామా. ఆకాశం కదా!"

"ఆకాశమైతే మాత్రం తాళముండగూడదా?" అని ఆయన వసారా వైపు తిరిగి, "చెప్పండప్పా మీరు, తాళం లేకుండా సంగీతముంటాదా?" అని సభను అడిగాడు. సభ రెండుగా చీలి వాదించింది. వాదం ముగిసేసరికి సంగీతం అయిపోయి, శాస్త్రవేత్త గ్రహం మీద కాలు పెట్టేశాడు. ఎనిమిది వారాల్లో మొదటిసారి మీట తిరగలేదు. మొదటిసారి నాకు కూత కూడా వినపడలేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు; కూర్చోమనీ అనలేదు. కథలో వాళ్ళు నేల తవ్వారు, గడ్డకట్టిన నీళ్ళు దొరికాయి. "చూస్తిరా! ఆడ గూడా ఉండాయంట," అన్నాడు మా చిన్నాన్న దిగులుగా. రాకెట్టు తిరిగి బయలుదేరింది. కథ ముగిసింది. ముగిసిన వెంటనే రేడియో ఆర్పేయడం మామ అలవాటు, లోపలి బల్బులు అరిగిపోతాయని. ఆయన చేయి చాచాడు. అప్పుడు కూత మళ్ళీ మొదలైంది. కథ చివర కూడా అది వస్తుందని మాకెవరికీ తెలియదు.

మామ నావైపు చూశాడు. ఏం కనిపించిందో నా ముఖంలో, చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. రెండో చేతిని కూడా నమ్మలేనట్టు రెండింటినీ చంకల్లో ఇరికించుకుని కళ్ళు మూసుకున్నాడు. వసారాలో ఎవరో నోరు తెరవబోతే, "ఉష్!" అన్నాడు. కూత లేచింది, ఇంకా లేచింది, ఎప్పుడూ గరగరమనే చోటికి వచ్చింది. ఆయన మోచేతులు ఒకసారి కదిలాయి. చేతులు మాత్రం బయటికి రాలేదు. కూత ఆ చోటు దాటింది.

అయిపోయాక మామ కళ్ళు తెరిచి, "ఏమ్మా, ఇది పాటేనా?" అన్నాడు.

"పాటే మామా."

"నాకు మాత్రం సెట్టు చెడిపోయినట్లే ఉండాది. నీకు బాగుంటే సరే." తర్వాత ఏదో తట్టి, తల గోక్కుని, "అయితే ఆ కర్నూలు సన్నాసి..." అని ఆగాడు. తెర వెనక అత్త దగ్గింది. ఆయన నన్ను చూశాడు, రేడియోను చూశాడు, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ ఉత్తరంలో నా పేరు రాయలేదు గదా?" అన్నాడు.

నిన్న ఆ ఏటి డైరీ తీశాను. మొదటి వారం నుంచి ఏడో వారం దాకా, లేని నాదస్వరం గురించీ, రాని వాన గురించీ ఇరవై పేజీలు ఉన్నాయి, అలంకారాలతో సహా. ఆ ఆఖరి ఆదివారం కింద ఒక్క ముక్క: "ఈ రోజు మొత్తం విన్నాను." అంతే. ఆ చోటు దాటాక కూత ఏమైందో, దిగిందో, ఆగిందో, ఇంకేదైనా అయిందో అందులో లేదు, నాకూ ఇప్పుడు గుర్తు రావడం లేదు. మళ్ళీ ఎక్కడా వినలేదు. సాయంత్రాలు పలకలు దిద్దుతూ దాన్ని పాడుకోబోతాను. ఆ ఎత్తుదాకా పోతుంది, అక్కడ పోగొట్టుకుంటాను. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "తర్వాత ఏమైందే?" అని బతిమాలాలనిపిస్తుంది. అడిగి మాత్రం ఏం లాభం? పడసాలలో అంతమంది మధ్య నిలబడి, ముఖమంతా నవ్వై, తల దించుకుంటుంది. దానికి మాటలు రావు.